బొంత నుంచి బ్రాండు దాకా

 

మనలో చాలామందిమి హాస్టల్లో చేరిన మొదటి రోజు ఒక ట్రంకు పెట్టెతోనే వచ్చాం. ఆ పెట్టెలో ఒక కంచం, ఒక గ్లాసు, రెండు జతల బట్టలు, వాటి అడుగున అమ్మో అవ్వో కుట్టిచ్చిన బొంత. అవ్వ కట్టి కట్టి వదిలేసిన చీర, నాన్న పాత లుంగీ, మనకే పొట్టైపోయిన చొక్కా అన్నీ ముక్కలై ఆ బొంతలో చేరి ఉండేవి. ఆ బొంతను పదిమంది ముందు తీయాలంటే మనకు సిగ్గు. ప్రభుత్వం వారు ఇచ్చిన దుప్పటిని పైన పరిచి, బొంతను కింద దాచేవాళ్ళం. ఇది రాస్తున్న మేమూ అలాగే దాచాం.

అలాంటి బొంత ఒకటి పారిస్ నగరంలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం సేకరణలో ఉందంటే మీరు నమ్ముతారా? ఆ బొంత నుంచి ఒక కళా పద్ధతి, ఆ పద్ధతి నుంచి ప్రపంచానికి తెలిసిన ఒక బట్టల బ్రాండు పుట్టాయంటే నమ్ముతారా? మేము కూడా మొదట నమ్మలేదు. ఆ సంగతిని మీకు వివరంగా తెలియజేయాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మాకు ఈ సందేహం ఎందుకు వచ్చింది?

ఈసారి వార్షికోత్సవంలో మన హాస్టల్ తరఫున ఒక స్టాలు పెట్టాలని అనుకున్నాం. పాతబస్తీలో దర్జీ దుకాణాలకు కొదవ లేదు. బట్ట కత్తిరించగా మిగిలిన ముక్కలను ఇక్కడ చిందీ అంటారు. ఆ చిందీని తూకానికి కొని, సంచులు కుట్టి అమ్మితే మెస్సు బిల్లుకు పోగా కొంత మిగులుతుందని మా లెక్క. కుట్టడం వచ్చినవాళ్ళు మనలోనే నలుగురు ఉన్నారు. మిషను ఒకటి అరువు దొరికింది.

అంతా బాగానే ఉంది కానీ, సంచికి ఏం పేరు పెట్టాలి, దాని మీద ఏ గుర్తు వేయాలి అన్న దగ్గర గొడవ మొదలైంది. ఒకరు చార్మినార్ బొమ్మ వేద్దామన్నారు. చార్మినార్ బొమ్మ లేని బిస్కెట్ డబ్బా ఈ ఊళ్ళో ఉందా అని ఇంకొకరు అడిగారు. పెద్ద కంపెనీ గుర్తును కొంచెం మార్చి వేస్తే త్వరగా అమ్ముడుపోతాయని మరొకరి సలహా. అది దొంగతనం అవుతుందని కొందరం అడ్డుపడ్డాం. రాత్రి పన్నెండు దాటినా తేలలేదు. అసలు బ్రాండు గుర్తింపు అనేది ఎలా తయారవుతుందో తెలుసుకుని, తర్వాతే నిర్ణయించుకుందామని అందరం ఒప్పుకున్నాం. అలా మొదలైన వెతుకులాట ఇది.

బ్రాండు అంటే ఏమిటి?

ఇంగ్లీషులో బ్రాండు అనే మాటకు మొదటి అర్థం కాల్చి వేసిన వాత. మన ఊళ్ళలో కూడా పశువు ఎవరిదో తెలియడానికి వాత పెట్టేవారు. మంద ఎంత పెద్దదైనా ఆ గుర్తు చూసి యజమాని తన పశువును పట్టుకునేవాడు. వస్తువుల సంతలో బ్రాండు చేసే పని కూడా అదే.

అయితే గుర్తు ఒక్కటే బ్రాండు కాదు. పేరు, అక్షరాల తీరు, రంగులు, బట్ట కత్తిరింపు, దుకాణం అమరిక, చీటీ, సంచి, మాట్లాడే పద్ధతి అన్నీ ఒకే మాట చెప్పాలి. గుర్తును చేత్తో మూసినా 'ఇది వాళ్ళదే' అని కొనేవారికి తెలియాలి. అప్పుడే దాన్ని బ్రాండు గుర్తింపు అనవచ్చు. మరి ఆ 'ఒకే మాట' ఎక్కడి నుంచి వస్తుంది? కొందరు దాన్ని కళా ఉద్యమాల నుంచి తెచ్చుకున్నారు.

ముందు నడిచిన దళం

ఫ్రెంచి భాషలో 'అవాంగార్డ్' అనే మాట ఉంది. సైన్యంలో అందరికన్నా ముందు నడిచే దళానికి అది పేరు. దారిలో ఏముందో మొదట చూసేది వాళ్ళే, దెబ్బ మొదట తగిలేదీ వాళ్ళకే. అలవాటైన పద్ధతులను కాదని కొత్త దారిలో పోయిన కళాకారులకు కూడా ఆ మాటే వాడసాగారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పారిస్, మాస్కో, జర్మనీలలో ఇలాంటి ఉద్యమాలు అనేకం వచ్చాయి. బొమ్మ అంటే చూసినదాన్ని చూసినట్టు దించడమేనా అని వాళ్ళు ప్రశ్నించారు. చతురస్రం, వృత్తం, గీత, రంగు, ఇవే బొమ్మ ఎందుకు కాకూడదన్నారు. కళ గోడకు వేలాడితే చాలదు, కప్పులో, కుర్చీలో, కట్టుకునే బట్టలో ఉండాలన్నారు కొందరు.

ఇందులో మనకు కావలసినది రంగుల సంగతి. అది బొమ్మలు గీసేవాళ్ళతో కాదు, అద్దకం పనితో మొదలైంది.

నలుపు ఎందుకు వెలిసినట్టు కనిపించింది?

పారిస్‌లో గోబెలాఁ అనే ప్రసిద్ధమైన నేత కార్ఖానా ఉంది. అక్కడి అద్దకం విభాగానికి 1824లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. ఆయనకు ఒక ఫిర్యాదు అందింది. నలుపు నూలు సరిగా ఎక్కడం లేదు, వెలిసినట్టు ఉంటోంది అని. ఆయన ఆ నలుపును పరీక్షించాడు. నూలులో దోషం లేదు. రంగులో దోషం లేదు. దోషమల్లా పక్కన నేసిన నీలం, ఊదా రంగులది. వాటి పక్కన ఉంటే మంచి నలుపు కూడా కంటికి నీరసంగా కనిపిస్తుంది. ఒక రంగును దాని పక్కనున్న రంగు మార్చి చూపిస్తుందన్న ఈ నియమాన్ని ఆయన 1839లో పుస్తకంగా ప్రచురించాడు.

మేము దీన్ని పరీక్షించాలని ఒక ఆదివారం మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టి మీదుగా లాడ్‌బజార్‌కు నడిచాం. దుపట్టాలకు రంగు వేసే ఒక ముసలాయన దగ్గర ఆగి, "చాచా, నీలం పక్కన నలుపు పెడితే ఏమవుతుంది?" అని అడిగాం. ఆయన నవ్వి, "బేటా, నలుపు చచ్చిపోతది. పసుపు పక్కన పెట్టు, లేచి కూసుంటది" అన్నాడు. తాడు మీద ఆరేసిన దుపట్టాలను పక్కపక్కకు జరిపి చూపించాడు కూడా. షెవ్రోల్ పేరు ఆయన ఎప్పుడూ విని ఉండడు. ఆ విద్య మాత్రం ఆయన చేతిలో ఉంది.

గాజుల దుకాణాల్లో కూడా గమనించాం. ఎర్ర లక్క గాజుల పక్కన ఆకుపచ్చవి సర్దుతారు. రెండూ ఒకదాన్నొకటి వెలిగిస్తాయి. మీరు కూడా చేసి చూడండి. ఒకే బూడిదరంగు కాగితాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి ఎర్రని అట్ట మీద, ఇంకొకటి పచ్చని అట్ట మీద పెట్టండి. కాసేపు తదేకంగా చూస్తే అవి రెండు వేరు వేరు రంగులు అనిపిస్తాయి.

సోనియా కుట్టిన బొంత

సోనియా దెలోనే 1885లో నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో ఒక పేద యూదు కుటుంబంలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లిదండ్రులను విడిచి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న మేనమామ ఇంటికి వెళ్ళి అక్కడే పెరిగి చదువుకుంది. ఇల్లు విడిచి చదువుకోవడం అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. చిత్రకళ నేర్చుకోవడానికి ఆమె 1906లో పారిస్ చేరింది. 1910లో రాబర్ట్ దెలోనే అనే చిత్రకారుణ్ణి పెళ్ళి చేసుకుంది.

1911లో వాళ్ళకు కొడుకు పుట్టాడు. ఆ పసివాడి ఉయ్యాల కోసం సోనియా ఒక బొంత కుట్టింది. తాను పుట్టిన ప్రాంతంలో రైతు కుటుంబాల ఆడవాళ్ళు గుడ్డముక్కలు అతికి కుట్టే పద్ధతిలోనే కుట్టింది. కుట్టిన తర్వాత చూస్తే, ఆ రోజుల్లో పారిస్ చిత్రకారులు కాన్వాసు మీద తంటాలు పడుతున్న విషయమే ఆ బొంతలో కనిపించింది. బొమ్మ అంటూ ఏమీ లేదు. లేతా ముదురూ ముక్కలు ఒకదాని పక్కన ఒకటి చేరి కంటిని కదిలిస్తున్నాయి. రంగులు ఒకేసారి ఒకదాని మీద ఒకటి పనిచేయడాన్ని చూపే ఈ పద్ధతికి దెలోనే దంపతులు 'సిముల్తానే' అనే మాట వాడారు. ఏకకాలంలో జరిగేది అని దాని అర్థం. ఆ మాటకు మూలం షెవ్రోల్ పుస్తకమే.

1913లో సోనియా అదే పద్ధతిలో తన కోసం ఒక గౌను కుట్టుకుని పారిస్‌లోని నాట్యశాలకు వేసుకుని వెళ్ళింది. గోడ మీద ఉండవలసిన బొమ్మ మనిషి ఒంటి మీద నడిచి వచ్చింది.

అవసరం తెచ్చిన వ్యాపారం

అప్పటిదాకా ఆమె సరదాకు కుట్టుకుంది. వ్యాపారం మాత్రం అవసరం వల్ల మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆ కుటుంబం స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఉండిపోయింది. 1917లో రష్యా విప్లవంతో పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చే అద్దెల ఆదాయం ఆగిపోయింది. ఇల్లు గడవాలి. ఆమె మాడ్రిడ్‌లో 'కాసా సోనియా' పేరుతో దుకాణం తెరిచి బట్టలు, గృహోపకరణాలు అమ్మింది. 1921లో పారిస్ తిరిగి వచ్చింది. 1923లో లియోన్ నగరపు పట్టు బట్టల కంపెనీ ఒకటి ఆమెను 50 డిజైన్లు అడిగింది. ఆ తర్వాత ఆమె సొంత వర్క్‌షాపు పెట్టుకుంది. 1925లో పారిస్‌లో జరిగిన పెద్ద అలంకార కళల ప్రదర్శనలో జాక్ హైమ్ అనే వ్యాపారితో కలిసి సీన్ నది వంతెన మీద 'సిముల్తానే' దుకాణం పెట్టింది.

ఇక్కడ మనం నేర్చుకోవలసినవి నాలుగు ఉన్నాయి.

ఒకటి, పేరు. పద్ధతికి ఏ మాట వాడిందో వ్యాపారానికీ అదే మాట పెట్టింది, దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించింది. పేరు వింటే పద్ధతి, బట్ట చూస్తే పేరు గుర్తుకు రావాలి.

రెండు, నియమం. ఆమె బట్టల మీద పువ్వులు, లతలు దాదాపు ఉండవు. చతురస్రాలు, త్రికోణాలు, గీతలు, వృత్తాలు, వాటి మధ్య రంగుల తూకం. ఆ నియమం దాటలేదు కాబట్టే ఎవరికైనా గుర్తు దొరికింది.

మూడు, అన్నిటా అదే. కోటు, స్కార్ఫు, ఈతబట్టలు, ఆఖరికి ఒక సిట్రోయెన్ కారుకు కూడా ఆమె డిజైన్ రంగులు వేసి ఫొటోలు తీయించారు.

నాలుగు, లెక్క. డిజైన్లకు నంబర్లు వేసి పుస్తకాల్లో భద్రపరిచింది. అందుకే అవి ఎవరివి అన్న వివాదానికి చోటు తక్కువ.

ఇంకో మంచి ఆలోచన కూడా ఆమె ప్రచారం చేసింది. బట్ట మీద డిజైనుతో పాటు కత్తిరించే గీతలు కూడా ముందే అచ్చు వేస్తే, కొనుక్కున్నవాళ్ళు ఇంట్లోనే కుట్టుకోవచ్చు. ఖరీదైన దర్జీ అవసరం ఉండదు. 1927లో సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చిత్రకళకూ ఫ్యాషన్‌కూ ఉన్న సంబంధం గురించి ఆమె ఉపన్యసించింది. 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యం వల్ల ఆమె తన వ్యాపారాన్ని మూసివేయవలసి వచ్చినా, ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక పెద్ద దుకాణానికి చాలాకాలం డిజైన్లు ఇచ్చింది. 1964లో లూవ్ర్ మ్యూజియంలో ఆమె కళా ప్రదర్శన జరిగింది. బతికి ఉండగా అక్కడ అలాంటి గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే. 1979లో కన్నుమూసింది.

కళను తీసుకోవడంలో రెండు తీరులు

అదే కాలంలో మాస్కోలో వర్వారా స్తెపనోవా, ల్యుబోవ్ పొపోవా అనే ఇద్దరు చిత్రకారిణులు బొమ్మలు వేయడం మాని, 1923లో నేరుగా బట్టల అచ్చు ఫ్యాక్టరీలో చేరారు. వారిది కన్‌స్ట్రక్టివిజం అనే ఉద్యమం. స్కేలు, కంపాసుతో గీసిన డిజైన్లు వేసి, మామూలు శ్రామికులు కొనే చవక నూలు బట్ట మీద అచ్చు వేయించారు. పనిచేసేవాడి బట్ట ఆ పనికి తగ్గట్టు ఉండాలన్నది స్తెపనోవా వాదం. పొపోవా 1924లోనే స్కార్లెట్ ఫీవరుతో మరణించింది. వాళ్ళ కృషి కొద్దికాలమే సాగినా, ఆ డిజైన్లను ఈనాటికీ డిజైను విద్యార్థులు చదువుతున్నారు.

రెండో తీరు ఇంకోటి. 1965లో ఈవ్ సెయింట్ లారెంట్ అనే ఫ్రెంచి డిజైనరు, పీట్ మోండ్రియాన్ వేసిన నల్లగీతలు, ఎరుపు, నీలం, పసుపు గడుల బొమ్మలను గౌన్లుగా మార్చాడు. వాటిని అచ్చు వేయలేదు. వేరువేరు ఊలు బట్ట ముక్కలను కోసి, కుట్లు గీతల్లో కలిసిపోయేలా అతికారు. పనితనంలో అది గొప్పదే. లోకమంతా దానికి నకళ్ళు వచ్చాయి. అయితే మోండ్రియాన్ 1944లోనే చనిపోయాడు. కష్టాల్లోనే బతికిన ఆ చిత్రకారుడికి ఆ గౌన్ల నుంచి దక్కింది ఏమీ లేదు.

ఈ రెండు తీరులనూ పక్కపక్కన పెట్టి చూశాక మాకు అర్థమైంది ఇది. కళా ఉద్యమం నుంచి ఆకారం తీసుకుంటే ఒక సీజను నడుస్తుంది. దాని నియమాన్నీ నమ్మకాన్నీ తీసుకుంటే బ్రాండు నిలబడుతుంది. సోనియా ఎవరి బొమ్మనో అతికించుకోలేదు. తన ఇంటి బొంతలో ఉన్న సూత్రాన్ని పట్టుకుంది.

మన దగ్గర లేవా?

ఉన్నాయి. తేలియా రుమాలు చూడండి. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, నిలువు పోగులకూ అడ్డం పోగులకూ ముందే ముడులు వేసి రంగు అద్ది నేస్తారు. నూనె వాడతారు కాబట్టే తేలియా. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే ప్రధానమైన రంగులు. చదరపు గళ్ళలో లెక్క తప్పకుండా అమరిన డిజైను. చీరాలలో పేరు పొందిన ఈ విద్య నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాకలో నిలబడింది. ఒకప్పుడు ఈ రుమాళ్ళు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా పోయేవి. రంగులకు హద్దు, ఆకారానికి నియమం, పేరులోనే పద్ధతి. సోనియా 1925లో చేసినవన్నీ ఇందులో ముందునుంచీ ఉన్నాయి. లంబాడీ అక్కల గుడ్డముక్కల అతుకుపని, అద్దాల పని సంగతి మనలో ఎంతోమందికి ఇంట్లోనే తెలుసు.

కొత్త చిత్రకళనూ నేతనూ కలిపే ప్రయత్నం మన దేశంలోనూ జరిగింది. 1950లలో ప్రభుత్వం చేనేత సేవా కేంద్రాలు మొదలుపెట్టి వాటిలో చిత్రకారులను నియమించింది. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న ప్రభాకర్ బర్వే 1961 నుంచి 1965 దాకా బెనారస్ కేంద్రంలో పనిచేశాడు. అటువంటి కేంద్రం మన హైదరాబాద్‌లోనూ ఉంది.

పేరు ఎవరిది?

ఇక అసలు విషయానికి వస్తాం. పాతబస్తీ సందుల్లో జర్దోజీ కార్ఖానాలు ఉన్నాయి. చెక్క చట్రానికి బట్ట బిగించి, దాని చుట్టూ నలుగురైదుగురు కింద కూర్చుని, సూదితో జరీ కుడుతుంటారు. మన పూర్వ విద్యార్థి ఒకన్న ఇంటర్ సెలవుల్లో అలాంటి చోట పనిచేశాడు. గీయడం వచ్చినవాడు కాబట్టి ఒక కొత్త అంచు డిజైను తానే వేశాడు. ఏడాది తర్వాత అదే అంచున్న దుపట్టాను నగరంలోని ఒక పెద్ద షోరూములో అద్దాల వెనుక చూశాడు. దాని ధర ఆయన రెండు నెలల కూలికన్నా ఎక్కువ. చీటీ మీద షోరూము పేరుంది. "నాకు డబ్బుల గురించి కాదు తమ్మీ, అది నేను గీసిందని అక్కడ ఎవరికీ చెప్పుకోలేకపోయాను" అన్నాడాయన మాతో. ఆయన దగ్గర ఆ డిజైను గీసిన కాగితం కూడా మిగల్లేదు.

అందుకే చట్టం గురించి కొంత తెలిసి ఉండాలి. మనకు మూడు రకాల రక్షణలు ఉన్నాయి.

ట్రేడ్‌మార్కు అనేది పేరుకూ గుర్తుకూ రక్షణ. బట్టలు 25వ తరగతిలో, సంచులు 18వ తరగతిలో వస్తాయి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి 4,500 రూపాయల రుసుము. నమోదైతే పదేళ్ళు చెల్లుతుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు.

డిజైను నమోదు రెండోది. ఇది 2000 నాటి డిజైన్ల చట్టం కింద వస్తుంది. వస్తువు రూపానికీ, దాని మీది నమూనాకూ పదేళ్ళు, ఆపైన ఇంకో అయిదేళ్ళు రక్షణ ఉంటుంది. అయితే బయటపెట్టక ముందే నమోదు చేయించాలి. బజారులో పెట్టిన తర్వాత పరుగెత్తితే లాభం లేదు.

మూడోది భౌగోళిక గుర్తింపు. ఇది ఒక్కరి సొత్తు కాదు. ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో తయారుచేసే వాళ్ళందరిదీ. 1999 నాటి ఈ చట్టం 2003లో అమల్లోకి వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు ఈ గుర్తింపు మొదట్లోనే వచ్చింది. తేలియా రుమాలుకు 2020లో, మన లాడ్‌బజార్ పేరు నిలిపే హైదరాబాద్ లక్క గాజులకు 2024లో వచ్చింది. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్ళు ఒక్కొక్కటీ అద్దుతారు. చేతులు కాల్చుకునే ఆ పనివాళ్ళకు ఊరి పేరు మీద చట్టం ఇచ్చిన హక్కు అది. ఆ హక్కు వల్ల వాళ్ళ కూలి పెరగాలంటే మాత్రం కొనేవాళ్ళు అడగాలి, చేసేవాళ్ళు సంఘంగా నిలబడాలి. గుర్తింపు కాగితం ఒక్కటే అన్నం పెట్టదు.

మేము ఏం నిర్ణయించుకున్నాం?

ఇంత తెలుసుకున్నాక మళ్ళీ కూర్చున్నాం. ఈసారి గొడవ తక్కువైంది. మా నిర్ణయాలు ఇవి.

చార్మినార్ బొమ్మ వద్దనుకున్నాం. దాని మీద గౌరవం లేక కాదు, అది అందరిదీ కాబట్టి మమ్మల్ని వేరుగా చూపించదు. మతానికి సంబంధించిన రాతలు, గుర్తులు ఏవీ బట్ట మీద వేయకూడదని కూడా రాసుకున్నాం. సంచి నేల మీద పెడతారు, ఎవరి మనసూ నొప్పించకూడదు.

పేరు 'బొంత'. రెండక్షరాలు, తెలుగులోనే, చేత్తో కుట్టిన అక్షరాలు. మేము దాచిన పేరునే మేము ముందు పెట్టాలనుకున్నాం.

నియమాలు మూడు. అన్నీ చిందీ ముక్కలే, కొత్త బట్ట కొనకూడదు. ఒక సంచిలో మూడు రంగులకు మించకూడదు, వాటిలో ఒకటి తప్పకుండా పక్కదాన్ని వెలిగించేది కావాలి. కుట్టు దాచకూడదు, పైకి కనిపించేలా వేరే రంగు దారంతో కుట్టాలి. బొంత అందం దాని కుట్లలోనే ఉంది కదా.

ఇక చీటీ. ముందువైపు బ్రాండు పేరు, వెనుకవైపు కుట్టినవాడి పేరు, సంచి నంబరు. ఒక నోటుబుక్కులో ప్రతి సంచి బొమ్మ, తేదీ, నంబరు రాసి పెడుతున్నాం. ఈ చివరి నియమం చెప్పినప్పుడు జర్దోజీ పని చేసిన ఆ అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన పర్సులోంచి వంద రూపాయలు తీసి, దారానికి ఉంచుకోండి అని ఇచ్చాడు.

మొదటి పది సంచుల్లో నాలుగు సరిగా రాలేదు. ముక్కలు బిగువుగా లేక బరువు పెడితే కుట్టు విడిపోయింది. పేరు ఎంత బాగున్నా అన్నం డబ్బా మోయలేని సంచి సంచి కాదు. లోపల అస్తరు వేసి మళ్ళీ కుట్టాం. నాణ్యత లేని చోట ఏ కళా ఉద్యమమూ బ్రాండును కాపాడదని మాకు అలా అర్థమైంది.

ఈ దారిలో చదవాలనుకునే తమ్ముళ్ళకు

గీయడం, కుట్టడం వచ్చిన తమ్ముళ్ళు అది చదువు కాదని అనుకోవద్దు. జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, అంటే నిఫ్ట్, 1986లో ఢిల్లీలో మొదలైంది. దాని హైదరాబాద్ కేంద్రం 1995లో మొదలైంది, ఇప్పుడు మాదాపూర్ వైపు ఉంది. నాలుగేళ్ళ డిజైను డిగ్రీకి ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా అర్హులే. ప్రవేశ పరీక్షలో గీసే పరీక్షకు ఎక్కువ ప్రాధాన్యం ఉంటుంది. ఎస్సీ విద్యార్థులకు 15 శాతం సీట్లు ఉన్నాయి. ఫీజు ఎక్కువే కాబట్టి స్కాలర్‌షిప్పుల వివరాలు ముందే కనుక్కోవాలి. మాసబ్‌ట్యాంకులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం కూడా ఉంది. ఈ చోట్ల చదివిన పూర్వ విద్యార్థులు ఎవరైనా ఉంటే, దయచేసి ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి పిల్లలతో మాట్లాడవలసిందిగా కోరుతున్నాం.

చివరగా ఒక మాట. సోనియా బొంత మ్యూజియంలో ఉంది కాబట్టి మన బొంత గొప్పదని చెప్పడం మా ఉద్దేశం కాదు. మ్యూజియం మెచ్చుకోకపోయినా మన అవ్వల బొంతలు వెచ్చగానే ఉన్నాయి. కానీ ఆ కుట్టులో ఒక ఆలోచన ఉంది, రంగుల లెక్క ఉంది, వృథా కానివ్వని నీతి ఉంది. దాన్ని గుర్తుపట్టి, పేరు పెట్టి, కుట్టినవారి పేరు పక్కన రాసుకోవడం ఇప్పుడు మన వంతు. ముందు నడిచే దళం అంటే అదేనని మేము అనుకుంటున్నాం.

వార్షికోత్సవం రోజున స్టాలు దగ్గరకు తప్పక రండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో పాత బొంత ఉంటే తెచ్చి చూపించండి. కుట్టిన అవ్వ పేరు మాత్రం అడిగి రండి. మా నోటుబుక్కులో మొదటి పేజీలు వాళ్ళ కోసమే ఖాళీగా ఉంచాం.